బోరులో నీరెంతుందో మీకు తెలుసా?

మీ ఊరి బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయని అడిగితే మీరేం చెప్తారు? "బాగానే ఉన్నాయి" అంటారు. "నిరుటికన్నా తగ్గాయి" అంటారు. "గంట ఆడేసరికి మోటారు గాలి కొడుతోంది" అంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ కార్తీకంలో మొక్కజొన్న వెయ్యాలా, మినుములతో సరిపెట్టుకోవాలా అని తేల్చుకోవలసిన రోజు వచ్చినప్పుడు ఈ మాటలు అక్కరకు రావు. అప్పుడు కావలసింది మీటర్లలో ఒక అంకె.

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల ఉన్నది గట్టి రాతి నేల. పైన శిథిలమైన రాయి, మట్టి కలిసిన పొర, దాని కింద పగుళ్లు. నీరు ఉండేది ఆ పొరలోనూ ఆ పగుళ్లలోనూ. ఒక పెద్ద వాన పడితే మట్టం చకచకా పైకొస్తుంది, నాలుగు మోటార్లు వారం ఆడితే అంతే వేగంగా దిగుతుంది. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలక బావులను ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది: జనవరిలో, వానాకాలానికి ముందు, ఆగస్టులో, నవంబరులో. దేశపు లెక్కకు అది చాలు. మీ ఊరి నిర్ణయానికి చాలుతుందా? 2016లో మొదలైన జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టు వంటి పథకాల కింద ప్రభుత్వ పీజోమీటర్లలో, అంటే నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్లలో, ఆటోమేటిక్ రికార్డర్లు అమర్చారు. కానీ అవి మీ గట్టు మీద ఉండవు. రాతి నేలలో వంద మీటర్ల దూరంలో ఉన్న రెండు బోర్లే ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి.

అందుకే మీ బావికి మీదైన లెక్క ఉండాలి. నీటిలో మునిగి ఉండి గంటగంటకూ రీడింగు రాసుకునే డేటా లాగరు ఆ పని చేస్తుంది. బొటనవేలంత లావు, జానెడు పొడవున్న స్టీలు గొట్టం అది. లోపల ఒత్తిడి సెన్సరు, గడియారం, మెమరీ, బ్యాటరీ ఉంటాయి. ఇదంతా ఇంజినీర్ల పని, మనకెందుకు అనిపిస్తోందా? 2003 నుంచి 2009 దాకా అనంతపురం, కడప, ప్రకాశం సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో రైతుల భాగస్వామ్య భూగర్భజల ప్రాజెక్టు ఒకటి నడిచింది. మామూలు రైతులు, ఆడవాళ్లతో సహా, పదిహేను రోజులకోసారి టేపుతో బావులు కొలిచారు. రబీ ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. వాళ్ల చేతిలో లాగరు కాదు, టేపు ఉండేది. లాగరు ఉన్న మీకు పని ఇంకా తేలిక, ఒక్క విషయం మరిచిపోకపోతే.

ఆ విషయం ఇది: లాగరుకు నీటిమట్టం తెలియదు. తన మీద ఎంత ఒత్తిడి పడుతోందో మాత్రమే తెలుసు. ఆ ఒత్తిడిని మట్టంగా మార్చేది మీరు టేపుతో తీసిన కొలత. టేపు లేకపోతే లాగరు రాసే వేల అంకెలకు అర్థం లేదు.

1. ముందు బావిని ఎంచుకోండి

పరికరం కొన్నాక బావి వెతుక్కోవడం చాలామంది చేసే పని. తిరగెయ్యండి. వాడకం మానేసిన బోరుగాని, మోటారు లేని పాత నుయ్యిగాని దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. అక్కడ కనిపించేది నేలలోని మట్టం, పక్క మోటారు కుదుపు కాదు.

రోజూ ఆడే బోరే గతి అయితే లాగరును నేరుగా దింపకండి. తాడు మోటారు వైరుకు చుట్టుకుంటే రెండూ పోతాయి. మోటారు పైపుల పక్కనే ఒకటిన్నర అంగుళం పైపును మోటారుకు కాస్త పైన ఆగేలా దింపి, దాని అడుగు భాగంలో చిల్లులు వేయించి, లాగరును అందులో వేలాడదీయండి. మోటారు బయటికి తీసిన రోజే ఈ పని చేయించుకుంటే కూలీ కలిసొస్తుంది.

మన ప్రాంతంలో ఇంకో జాగ్రత్త ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో 1892లో మాంగనీసు తవ్వకం మొదలైంది. ఆ తవ్వకాల గోతులు ఇక్కడ చాలాచోట్ల నీళ్లతో నిండి ఉన్నాయి. గోతిలో నీరు కనిపిస్తోంది కాబట్టి పక్క బోరులోనూ అంతే ఉంటుందని అనుకోకండి. గోతిలో వేరే స్కేలు పాతి విడిగా రాసుకోండి. తోటపల్లి కాలువ నీరు పారే పొలాల దగ్గర బావి అయితే, కాలువ వదిలిన తేదీ, ఆపిన తేదీ పుస్తకంలో ఉండాల్సిందే. లేకపోతే ఊట నీటిని వాన నీరని పొరబడతారు.

2. రేంజి చూసి కొనండి

పెద్ద రేంజి ఉంటే ఎందుకైనా మంచిదని వంద మీటర్లది కొంటారు. లాగరు కచ్చితత్వం సాధారణంగా పూర్తి రేంజిలో శాతంగా చెప్తారు. 0.1 శాతం అనుకుంటే వంద మీటర్ల లాగరులో పది సెంటీమీటర్ల తేడా రావచ్చు, ముప్ఫై మీటర్ల దానిలో మూడు. అలాగని మరీ చిన్నది కొంటే వానాకాలంలో నీరు పైకెక్కి సెన్సరు పాడవవచ్చు. వేసవిలో నీరు ఎంత లోతుకు పోతుందో, శ్రావణ భాద్రపదాల్లో ఎంత పైకొస్తుందో ఊళ్లో పెద్దవాళ్లను, బోరు మెకానిక్‌ను అడగండి. ఆ రెండింటి మధ్య తేడాకు అయిదారు మీటర్లు కలిపితే మీకు కావలసిన రేంజి వస్తుంది.

3. గాలి బరువును తీసెయ్యడం మరవకండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

లాగర్లు రెండు రకాలు. ఒకదాని కేబులులో సన్నని గాలిగొట్టం ఉంటుంది. బయటి గాలి ఒత్తిడి దానిగుండా సెన్సరు వెనక్కు చేరి రద్దయిపోతుంది. రెండోదానికి గొట్టం ఉండదు. అది నీటి ఒత్తిడినీ, నీటి మీద ఉన్న గాలి ఒత్తిడినీ కలిపి రాస్తుంది. గాలి బరువెంతని? మామూలు రోజున సుమారు 1,013 మిల్లీబార్లు. నీటి లెక్కలో చెప్పాలంటే పది మీటర్ల పైచిలుకు! ఒక మిల్లీబారు మారితే ఒక సెంటీమీటరు నీరు మారినట్టే కనిపిస్తుంది.

గాలి ఒత్తిడి ఏ రోజూ ఒక్కచోట ఉండదు. మన ప్రాంతంలో ఉదయం పది ప్రాంతంలో, మళ్లీ రాత్రి పది ప్రాంతంలో పెరుగుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. ఆ తేడా మూడు నాలుగు మిల్లీబార్లు ఉంటుంది. గొట్టం లేని లాగరు గ్రాఫులో రోజుకు రెండుసార్లు మూడు నాలుగు సెంటీమీటర్ల అల కనిపిస్తే ఎవరో దొంగచాటుగా మోటారు వేస్తున్నారని గొడవకు దిగకండి. అది గాలి.

ఇక తుపాను సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కేంద్రం దగ్గర ఒత్తిడి సుమారు 950 మిల్లీబార్లు. మామూలుకన్నా అరవై మిల్లీబార్లు తక్కువ. ఆ కేంద్రం కింద గాలి లెక్క సరిచెయ్యని లాగరు ఉండి ఉంటే, కుండపోత వానలో నీరు అరవై సెంటీమీటర్లు దిగిపోయిందని రాసేది. కేంద్రానికి దూరమయ్యేకొద్దీ తేడా తగ్గుతుంది గాని మాయం కాదు. 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటివి మనకు కొత్త కాదు. తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లో, ఆ నెలల్లోనే రబీ నిర్ణయం తీసుకోవాలి. సరిగ్గా ఆ రోజుల లెక్కే తప్పయితే ఇంత శ్రమ ఎందుకు?

దీనికి మందు బారో లాగరు. నీటికి పైన, ఎండ తగలని చోట వేలాడదీసే ఇంకో చిన్న పరికరం. అది ఒక్క గాలి ఒత్తిడినే రాస్తుంది. రెండింటినీ ఒకే నిమిషానికి పెట్టి, ఒకదానిలోంచి ఒకటి తీసెయ్యాలి. మండలమంతటికీ ఒకటి చాలు, కాబట్టి అయిదారు ఊళ్లు కలిసి కొనుక్కోవచ్చు.

రెండింటిలో ఏది కొనాలని అడిగితే, ఊరి స్థాయిలో గొట్టం లేనిదే మేలని నా అభిప్రాయం. గాలిగొట్టం ఒక్కచోట మడతపడినా, తేమ చేరినా రీడింగు పాడవుతుంది. మన తీరప్రాంతపు గాలిలో ఆ గొట్టం చివరనున్న, తేమ పీల్చే సిలికా జెల్ త్వరగా రంగు మారిపోతుంది. మార్చే నాథుడు ఊళ్లో ఉంటాడా?

4. దింపే రోజు చేసిన పనే ఏడాదంతా కాపాడుతుంది

కేసింగ్ పైపు అంచున ఒకచోట పెయింటుతో గీత పెట్టండి. ఇకముందు ఏ కొలతైనా ఆ గీత నుంచే. నేల నుంచి ఆ గీత ఎంత ఎత్తుందో కొలిచి రాసుకోండి.

ఇప్పుడు టేపు దింపండి. ఉదాహరణకు గీత నుంచి నీటికి 8.40 మీటర్లు వచ్చిందనుకుందాం. గీత నేలకు 0.60 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నేల నుంచి నీటికి 7.80. లాగరును గీత నుంచి 25.00 మీటర్ల లోతున వేలాడదీశారు. అప్పుడు దాని మీద ఉండాల్సిన నీరు 25.00 లోంచి 8.40 తీసేస్తే 16.60. గాలి ఒత్తిడి తీసేశాక కంప్యూటరులో లాగరు 16.60కి దగ్గరగా చూపిస్తోందా? చూపిస్తే సరే. లేకపోతే అక్కణ్ణుంచి కదలకండి. కారణం దొరికాకే ఇంటికి.

రెండు నెలల తర్వాత లాగరు 14.10 చూపింది. అంటే నీరు గీత నుంచి 10.90 లోతున ఉండాలి. టేపు దింపితే 10.92 వచ్చింది. రెండు సెంటీమీటర్ల తేడా, మీ లాగరు బాగా పనిచేస్తున్నట్టే. తేడా పది దాటితే తాడు సాగిందో, ముడి జారిందో చూడాలి.

తాడు సంగతి వచ్చింది కాబట్టి: నైలాను తాడు వద్దు, సాగుతుంది. మామూలు ఇనుప తీగ వద్దు, తుప్పు పడుతుంది. సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తీగ కొనండి. బోరు అడుగుదాకా దింపేస్తే బురదలో కూరుకుపోతుంది. వేసవి మట్టానికి నాలుగైదు మీటర్లు కింద ఉంటే చాలు. తాగునీటి బోరైతే దింపే ముందు లాగరునూ తీగనూ బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడగండి. పైన మూత, మూతకు తాళం. పిల్లలు బోరులో రాళ్లు వెయ్యడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే.

5. గంటకొక రీడింగు చాలు

నిమిషానికొకటి పెడితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఫైలు అనవసరంగా పెద్దదవుతుంది. గంటకొకటి చొప్పున ఏడాదికి 8,760 రీడింగులు. ఊరి అవసరానికి అది ధారాళం.

6. నెలకో రెండు నెలలకో తీసి చూడండి

ఏడాదికోసారి చూద్దామని వదిలేస్తే, రెండో నెలలో ఆగిపోయిన లాగరు సంగతి పన్నెండో నెలలో తెలుస్తుంది. పోయిన వానాకాలాన్ని మళ్లీ కొలవగలమా?

వెళ్లినప్పుడు చెయ్యవలసింది వరసగా: లాగరు తియ్యక ముందే టేపు కొలత. తర్వాత డౌన్‌లోడు. గడియారం మన టైముతో సరిపోయిందో లేదో చూడటం. బ్యాటరీ ఎంతుందో రాసుకోవడం. అదే గుర్తు దగ్గర మళ్లీ కట్టడం. మళ్లీ టేపు.

ఫైలు విషయంలో ఒక ప్రమాదం చెప్తాను. కొన్ని సాఫ్ట్‌వేర్లు తేదీలో నెలను ముందు రాస్తాయి. ఎక్సెల్‌లో తెరిస్తే ఆగస్టు 5 కాస్తా మే 8 అయిపోతుంది. వానాకాలపు నీరు వేసవిలో కనిపిస్తుంది. కాబట్టి లాగరు ఇచ్చిన అసలు ఫైలును ముట్టుకోకుండా ఒక చోట దాచి, నకలు మీదే పని చెయ్యండి.

తీసినప్పుడు సెన్సరు దగ్గర చిల్లుల్లో నల్లటి పొర కనిపించవచ్చు. నీటిలో మాంగనీసు కరిగి ఉన్నచోట అది మామూలే. పిన్నీసుతో గోకకండి! లోపలి పల్చని పొర చిరిగిందంటే లాగరు పోయినట్టే. మెత్తని బ్రష్షుతో మంచినీళ్లలో ఆడించండి. అప్పటికీ పోకపోతే కంపెనీ మాన్యువల్ ఒప్పుకున్న మేరకు కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టండి.

7. గ్రాఫు అబద్ధమాడినప్పుడు పట్టుకోండి

ఇలాంటి సందర్భం ఒకటి ఊహించుకోండి. సచివాలయం కుర్రాడు గ్రాఫు చూసి, "మావయ్యా, మీ బోరు రెండు మీటర్లు దిగిపోయింది" అన్నాడు. రైతు ఒప్పుకోలేదు. "ఏటి బాబూ, నిన్నెంత పోసిందో ఇయ్యాలా అంతే పోస్తంది కదా. మీ మిషనుకే ఏటో అయింది, ఓపాలి సూడు" అన్నాడు. ఇద్దరూ వెళ్లి టేపు దింపారు. నీరు ఉండాల్సిన చోటే ఉంది. మోటారు రిపేరుకు వచ్చిన మెకానిక్ తీగ పైకి లాగి, రెండు మీటర్లు పొట్టిగా తిరిగి కట్టాడు.

ఇందులో గమనించవలసింది ఏమిటి? నీరు ఒక్క గంటలో మెట్టు దిగినట్టు దిగి, ఆ తర్వాత ఏమీ జరగనట్టు నడవదు. అలాంటి మెట్టు కనిపిస్తే ముందు తీగను అనుమానించండి. అలాగే గ్రాఫు గీత అడుగున బల్లపరుపుగా సాగితే "నీరు నిలకడగా ఉంది" అని సంతోషించకండి. నీరు లాగరు కిందికి పోయి, అది గాలిలో వేలాడుతోందేమో చూడండి.

హౌరా–చెన్నై రైలు మార్గం మన ప్రాంతం మీదుగానే పోతుంది. పట్టాల దగ్గరి కొన్ని బావుల్లో గూడ్సు బరువుకు మట్టం క్షణకాలం కదలవచ్చు. గంట రీడింగులో అది దాదాపు కనిపించదు. కనిపించినా కంగారు పడనక్కర్లేదు.

8. మట్టంకన్నా కోలుకునే టైము చూడండి

ఆడే బోరు గ్రాఫు రంపపు పళ్లలా ఉంటుంది. మోటారు వేస్తే దిగుతుంది, ఆపితే ఎక్కుతుంది. దిగిన అడుగును చూసి భయపడేవాళ్లున్నారు, ఎక్కిన కొసను చూసి ధీమాపడేవాళ్లున్నారు. పోల్చవలసింది మోటారు వెయ్యక ముందు తెల్లవారుజాము మట్టాన్ని, అదీ రోజూ ఒకే వేళకు.

నన్నడిగితే అంతకన్నా విలువైనది ఇంకొకటి ఉంది. మోటారు ఆపాక నీరు పొద్దుటి మట్టానికి తిరిగి రావడానికి ఎన్ని గంటలు పట్టింది? కార్తీకంలో అర్ధరాత్రికల్లా వచ్చేస్తుందనుకోండి. పుష్యంలో తెల్లవారుజాము దాకా పడుతుంది. మాఘంలో పూర్తిగా రాకముందే మళ్లీ మోటారు వేసేశారు. మోటారు ఇంకా నిండు ధారే పోస్తూ ఉంటుంది, మీకు పైనుంచి ఏమీ తేడా కనిపించదు. కానీ పగుళ్లలోకి వచ్చే నీటికన్నా మీరు తోడేది ఎక్కువైపోయింది. మోటారు గాలి కొట్టడానికి ఎంతో ముందే గ్రాఫు ఈ సంగతి చెప్తుంది. ఈ గంటల లెక్కను వారానికోసారి ఒక వరసలో రాసుకుంటూ పొండి. పెరుగుతూ పోతుంటే తడికీ తడికీ మధ్య ఎడం పెంచండి, పక్క రైతుతో మాట్లాడుకుని ఇద్దరూ ఒకేసారి కాకుండా వంతులు వేసుకోండి.

9. అంకెను పంటగా మార్చండి

గట్టి రాతి నేలలో ఎకరం కింద మట్టం ఒక మీటరు దిగితే మనకు దక్కే నీరెంత? మట్టం దిగిన మేర ఉన్న నేల పరిమాణంలో నిజంగా నీరుగా బయటికొచ్చేది సుమారు ఒకటిన్నర నుంచి మూడు శాతం. అంటే అరవై వేల నుంచి లక్షా ఇరవై వేల లీటర్లు. ఎకరం వరికి పంటకాలమంతా కలిపి పన్నెండు వందల మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే అది దాదాపు నలభై ఎనిమిది లక్షల లీటర్లు. నలభై నుంచి ఎనభై ఎకరాల కింద ఒక్కో మీటరు దించితేగాని ఆ ఒక్క ఎకరం పండదు! మొక్కజొన్నకు అందులో సగంకన్నా తక్కువ చాలు. మినుములకు ఇంకా తక్కువ.

ఏటా వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన పడే మన జిల్లాలో మాఘం వచ్చేసరికి బోర్లు ఎందుకు వట్టిపోతాయో ఈ లెక్కలోనే ఉంది. రబీ విత్తనం కొనకముందు, నవంబరు మొదటి వారంలో మీ బావి కింద పంట పెట్టేవాళ్లందరినీ పిలిచి ఈ అంకెలు వాళ్ల ముందు పెట్టండి. వరి మానమని ఎవరికీ చెప్పనక్కర్లేదు. గ్రాఫు అందరూ కలిసి చూస్తే చాలు, మాటలు వాటంతట అవే మొదలవుతాయి.

రైతు సేవా కేంద్రం గోడ మీద ఒక పట్టిక గీయండి. తేదీ, తెల్లవారుజాము మట్టం, కోలుకోవడానికి పట్టిన గంటలు, నిరుడు ఇదే తేదీన మట్టం. మొదటి ఏడాది ఆఖరి గడి ఖాళీగానే ఉంటుంది. ఊహించి నింపకండి. దానికి బదులు బోరు మెకానిక్‌ను అడిగి ఇంకో వరస కలపండి: ఈ బోరులో మోటారును మొదట ఎన్ని పైపుల లోతున దింపారు, ఆ తర్వాత ఏ ఏడు ఎన్ని పైపులు కలిపారు. ఆ లెక్క చాలామంది మెకానిక్‌ల దగ్గర ఉంటుంది. మీరు అడగడమే ఆలస్యం.